నారాయణపేట సీమలో సానరాళ్ల చరిత్ర

నారాయణపేట చుట్టూ ఉన్న నేల గ్రానైటు, నైస్ శిలల మీద నిలిచిన మెట్ట. ఆ శిలలను చీల్చుకుని అక్కడక్కడ నల్లటి డోలరైటు గోడల్లాగా పైకి తేలి కనిపిస్తుంది. ఉత్తరాన తాండూరు, వాయవ్యాన షాబాద్ వైపు వెళ్తే నాపరాళ్ల నేల మొదలవుతుంది. భూగర్భవేత్తలు భీమా శిలలు అని పిలిచే ఆ రాళ్ల అడుగు పొరల్లో ఇసుకరాయి ఉంది. కృష్ణా నది తంగిడి దగ్గర తెలంగాణలోకి వచ్చేదీ, భీమా వచ్చి దానిలో కలిసేదీ ఈ సీమలోనే. అందుకే ఇక్కడ కత్తి నూరుకోవడానికి రాయి కోసం ఎవరూ దూరం పోవలసిన అవసరం రాలేదు. బావిగట్టు బండ మీద కొడవలి నూరారు. వాకిట్లో మెట్టు రాయి మీద కత్తిపీట అంచు సరిచేసుకున్నారు. వాగు నుంచి తెచ్చిన నున్నటి నల్లరాయిని చిన్న కత్తులకు దాచుకున్నారు.

రాయి ఇనుమును అరగదీయడానికి కారణం దానిలోని స్ఫటికపు రేణువులు. 1812లో జర్మన్ ఖనిజవేత్త ఫ్రెడరిక్ మోస్ ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో స్ఫటికానికి 7వ స్థానం, కురువిందానికి 9వది, వజ్రానికి 10వది. నీళ్లు పట్టిన ఉక్కు సుమారు 6, 7 స్థానాల మధ్య ఉంటుంది. అందువల్ల గ్రానైటులోని స్ఫటికం మెత్తటి కొడవలిని త్వరగానే అరగదీస్తుంది, గట్టి ఉక్కు ముందు మాత్రం తడబడుతుంది. రేణువు పెద్దదైతే పని తొందరగా అవుతుంది కానీ అంచు గరుకుగా మిగులుతుంది. రేణువు సన్నదైతే పని ఆలస్యమైనా అంచు నున్నగా వస్తుంది. సాన పరికరాల చరిత్ర అంతా ఇంకా గట్టి రేణువు కోసం, ఆ రేణువును పట్టి ఉంచే ఇంకా మంచి బంధం కోసం సాగిన వెతుకులాటే.

సాన పట్టే పని లోహం కంటే ముందే పుట్టింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను పురావస్తువేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వి చూశాడు. నవీన శిలాయుగపు పశుపాలకుల గురించిన ఆ తవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది. అంతకు ముందు ఏడాది, 1960లో, రాయచూరు సీమలోని పిక్లిహాల్ మీద ఆయన నివేదిక వచ్చింది. ఈ కాలపు జనం డోలరైటు ముక్కను ముందు పెచ్చులుగా కొట్టి, ఆ మీదట చిన్న చిన్న దెబ్బలతో చదును చేసి, చివరికి ఇసుకా నీళ్లూ వేసి బండ మీద నూరి గొడ్డలి అంచు తీసేవారు. బళ్లారి దగ్గర సంగనకల్లు, కుప్‌గల్ గుట్టల మీద ఇలా నూరగా పడ్డ గాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. భూగర్భవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దిలోనే ఆ గుట్టల మీది గొడ్డళ్ల కార్ఖానాను గుర్తించాడు. బండలో పడవ ఆకారపు పల్లం, దాని అడుగు అద్దంలా నునుపు. దక్కనులో మనిషి వాడిన తొలి సాన పరికరాల్లో అది ఒకటి. దానిని ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాలేదు కాబట్టే మిగిలింది.

ఆ రాతి గొడ్డళ్లను తరువాతి కాలపు పల్లెజనం ఏరి తెచ్చి చెట్ల కింద, గుళ్ల దగ్గర పెట్టి పూజించడాన్ని దక్కనులో పలుచోట్ల పరిశోధకులు నమోదు చేశారు. అవి పిడుగుతో పాటు నేల మీద పడ్డ రాళ్లని నమ్మకం. పదును పెట్టిన వస్తువులను సేకరించి ఒకచోట భద్రపరచడం ఈ ప్రాంతంలో భక్తితోనే మొదలైందని చెప్పవచ్చు.

ఇనుము వచ్చాక సాన అవసరం పెరిగింది. పెద్ద రాతి సమాధుల కాలం నాటి తెలంగాణ ఊళ్లలో కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు దొరికాయి. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు మధ్యయుగం నుంచి విదేశాలకు పోయింది. గోల్కొండ రాజ్యపు ఉక్కును గురించి 17వ శతాబ్దిలో ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే రాశాడు. విలియం లాంబ్టన్ భూ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ కోనసముద్రం కొలుములను స్వయంగా చూసి వర్ణించాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ వ్యాసం అచ్చయింది. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు గడ్డలు కొనుక్కుపోయిన సంగతి అందులో ఉంది. ఈ ఉక్కులో కార్బన్ ఎక్కువ, ఒక శాతానికి పైనే. అంత గట్టి లోహానికి బావిగట్టు బండ చాలదు. అక్కడే కురువిందం అవసరపడింది.

కత్తిని ఎంత సన్నగా నూరాలో నిర్ణయించినవారు యోధులు మాత్రమే కాదు, వైద్యులు కూడా. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రాల గురించి చెప్పే 8వ అధ్యాయం ఒక్కో శస్త్రానికి ఎంత అంచు ఉండాలో విడిగా చెబుతుంది. కొన్నిటికి మసూర పప్పు మందం, కొన్నిటికి అందులో సగం, గుచ్చే పరికరాలకు వెంట్రుక మందం, కోసేవాటికి అర వెంట్రుక. శస్త్రాలను మినుముల రంగులో ఉన్న నున్నటి రాతి మీద నూరాలనీ, ఆ అంచు నిలవడానికి బూరుగు చెక్క పలక వాడాలనీ అదే అధ్యాయం నిర్దేశిస్తుంది. వెంట్రుకను కోయగలిగినప్పుడే శస్త్రం వాడకానికి సిద్ధమైనట్టు. ముతక రాయి, సన్న రాయి, ఆఖరున మెత్తటి చెక్క లేదా తోలు అనే వరుసను ఇవాళ్టి సాన అభిరుచి గలవారు ప్రపంచమంతటా పాటిస్తున్నారు. ఈ వరుసలోని చివరి రెండు మెట్లు మన వైద్య గ్రంథంలో అంత స్పష్టంగా ఉండడం గర్వించదగిన విషయం.

ఆ కురువిందంతో చేసే దేశీ సాన చక్రం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పనితనంలో దానికి సాటి వచ్చే పాత పరికరం ఇంకొకటి లేదు. కురువిందపు రాళ్లను దంచి, జల్లించి, రేణువులను ముతక, సన్నం అని వేరు చేస్తారు. లక్కను వేడి చేసి కరిగించి ఆ రేణువులను అందులో కలుపుతారు. ముద్ద వేడి మీద ఉండగానే బిళ్లగా ఒత్తి, నడుమ రంధ్రం చేసి చెక్క ఇరుసు బిగిస్తారు. కురువిందం తెలుగు నేలకు కొత్తది కాదు. ఖమ్మం జిల్లాలో దాని నిక్షేపాలున్నాయి. అనంతపురంలోనూ, మైసూరు, సేలం ప్రాంతాల్లోనూ దొరుకుతుంది. లక్క పురుగు మోదుగ, రేగు చెట్ల మీద పెరుగుతుంది. మెట్ట సీమలో ఈ చెట్లకు కరువు లేదు.

చక్రం తిప్పడానికి ఇరుసు చుట్టూ తోలు పట్టీ వేసి, ఒక మనిషి దాని రెండు కొసలనూ మార్చి మార్చి లాగుతాడు. చక్రం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది. రెండో మనిషి చక్రం తన వైపు తిరిగే ప్రతిసారీ కత్తిని ఆనించి, వెనక్కు తిరిగేటప్పుడు ఎత్తాలి. ఇద్దరి ఊపిరీ కలిస్తేనే పని సాగుతుంది. 18, 19 శతాబ్దాల్లో కంపెనీ అధికారుల కోసం గీసిన వృత్తుల చిత్రాల్లో సాన పట్టేవాడి పక్కన పట్టీ లాగే భార్య కనబడుతుంది. ఆమె పేరు ఏ జాబితాకూ ఎక్కలేదు, పనిలో సగం మాత్రం ఆమెదే.

లక్క చక్రానికి ఒక మంచి గుణముంది. లక్క సుమారు 80 డిగ్రీల లోపే మెత్తబడుతుంది. నీళ్లు పట్టిన ఉక్కు గట్టిదనం కోల్పోవాలంటే అంతకు రెండింతల వేడి కావాలి. కాబట్టి పనివాడు మరీ గట్టిగా అదిమితే కత్తి చెడే ముందే చక్రం జిగటగా మారి అతన్ని ఆపుతుంది. అరిగిన చక్రాన్ని కరిగించి మళ్లీ పోసుకోవచ్చు, రేణువు వృథా కాదు. మరో మేలు ఆరోగ్యానికి సంబంధించినది. ఇంగ్లండులోని షెఫీల్డులో పెద్ద ఇసుకరాతి చక్రాల మీద కత్తులు నూరిన కార్మికులు 19వ శతాబ్దిలో రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే చనిపోయారు. ఆ రోగానికి మూలం స్ఫటికపు దుమ్ము. కురువిందం అల్యూమినియం ఆక్సైడు కాబట్టి ఆ ప్రమాదం అంతగా లేదు. అయినా ఏ దుమ్మూ పీల్చదగినది కాదు.

ఊరి పనిలో సాన ఒక్కడి చేతిలో లేదు. కమ్మరి కొలిమిది మొదటి స్థానం. ఏరువాకకు ముందు రైతు మొద్దుబారిన నాగలి కర్రును తెస్తే, కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగదీసి మొన తీస్తాడు. ఇది రాతితో కాదు, నిప్పుతోనూ దెబ్బతోనూ పెట్టే పదును. వరి కోత కొడవళ్లకు కక్కు కొట్టడం కూడా అతని పనే. అంచు పలుచగా చేసి, చిన్న ఉలితో ఒకే వాలుకు పళ్లు తీసి, నీళ్లు పడతాడు. జొన్న, కంది పండే ఈ మెట్టలో లావు కట్టె కోసే కొడవలికి కక్కు ఉండదు. దానిని రైతే పొలంలో రాతి మీద నూరుకుంటాడు. కూలిగా కమ్మరికి డబ్బు ముట్టేది తక్కువ. పంట కల్లానికి వచ్చినప్పుడు ఆయగాళ్లకు ఇచ్చే గింజల్లో అతని వంతు కొలిచిపెట్టేవారు. లారీల కమాన్ పట్టీలు దొరకడం మొదలయ్యాక కొడవళ్లు, గొడ్డళ్లు వాటితోనే చేస్తున్నారు. ఆ ఉక్కు పాత నాటు ఇనుము కంటే గట్టిది. దానితో పాటు మంచి సాన కోసం వెతకడమూ తప్పలేదు.

పదునే బతుకుగా ఉన్న మరొక వృత్తి కల్లుగీత. మహబూబ్‌నగర్ వైపు ఈతచెట్లు, నల్లగొండ వైపు తాటిచెట్లు ఎక్కువ. గీసేవాడు మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కి, ప్రతి పూటా కోత మీద పల్చటి పొర ఒకటి తీస్తాడు. కత్తి మొద్దుగా ఉంటే పొర తెగదు, నలుగుతుంది. రసం వచ్చే నాళాలు మూసుకుపోయి కల్లు తగ్గుతుంది. లోతుగా పడ్డా చెట్టుకు నష్టమే. అందుకే గీత కత్తికి రోజూ పదును పెట్టాలి. దక్షిణాదిలో తాటిచెట్లు గీసేవారు ఈ పనికి రాయి కంటే చెక్క పలకను ఎక్కువగా నమ్మారు. పలక మీద దంచిన పలుగురాయి పొడి చల్లి కత్తిని రుద్దితే చెక్క మెత్తదనం వల్ల రేణువులు సగం లోపలికి దిగి, అంచు గీతలు పడకుండా నునుపు తేరుతుంది. సుశ్రుతుడు చెప్పిన బూరుగు పలకతో దీనికి నేరుగా సంబంధం ఉందో లేదో గానీ, రెండూ నడిచేది ఒకే సూత్రం మీద.

మంగలి అడపంలో కత్తితో పాటు చిన్న నున్నటి రాయి, తోలు ముక్క, నీళ్ల గిన్నె ఉండేవి. వలసపాలన కాలంలో షెఫీల్డు నుంచి జోసెఫ్ రాడ్జర్స్ వారి మంగలి కత్తులు దేశమంతటా దిగుమతి అయ్యాయి. జర్మనీలోని సోలింగెన్ కత్తులూ వచ్చాయి. కత్తి పరదేశంది, రాయి మాత్రం ఊరిదే. ఒకే రాయి మీద తరాల పాటు నూరగా నడుమ పల్లం పడుతుంది. ఆ పల్లం లోతును బట్టి రాయి వయసు అంచనా వేయవచ్చు. 1990ల్లో ఎయిడ్స్ మీద ప్రచారం పెరిగాక మార్చుకునే బ్లేడు కత్తులు వచ్చాయి. దానితో మంగలి దుకాణాల నుంచి రాయీ తోలూ దాదాపు మాయమయ్యాయి. ప్రజల ఆరోగ్యానికి అది అవసరమైన మార్పు. ఒక నైపుణ్యం మాత్రం ఒక్క తరంలో పోయింది.

కత్తులకు మెరుగు పట్టి, తుప్పు తీసి, సాన పట్టే పనిని వంశవృత్తిగా చేసుకున్న సిక్లిగర్లు ఉత్తరాది నుంచి దక్కనుకు వచ్చారు. వారిలో పలువురు సిక్కులు. పంజాబు రాజు రంజిత్ సింగ్ కాలంలో, 1830లలో, హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన లాహోరీ దళం తరువాత దక్కనులో సిక్కుల నివాసాలు స్థిరపడ్డాయి. ఆయుధాల గిరాకీ తగ్గాక సిక్లిగర్లలో చాలామంది బకెట్లు, కత్తెరలు, తాళాలు బాగుచేసే పనుల్లోకి మళ్లారు. నారాయణపేట తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే సరిహద్దు పట్టణం. అలాంటి చోట సాన పట్టేవాడి కేక ఏ భాషలో వచ్చినా వాకిళ్లు తెరుచుకుంటాయి. బక్రీదుకు ముందు కసాయి కత్తులు, దసరాకు ముందు ఇంటి పనిముట్లు అతని దగ్గరికి చేరేవి. మహర్నవమి నాడు ఆయుధపూజలో కత్తితో పాటు సానకూ పసుపు కుంకుమ పెట్టడం చేతివృత్తుల ఇళ్లలో ఆనవాయితీ.

కృత్రిమ రేణువులు వచ్చాక ఈ పని రూపమే మారింది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టీ బొగ్గూ కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చి సిలికాన్ కార్బైడును తయారుచేశాడు. కాఠిన్యంలో అది కురువిందాన్ని మించింది. మన దేశంలో గ్రైండ్‌వెల్ సంస్థ 1941లో బొంబాయి సమీపంలోని మోరాలో గ్రైండింగ్ చక్రాల తయారీ మొదలుపెట్టింది. 1954లో మద్రాసులో మురుగప్ప కుటుంబం అమెరికన్, బ్రిటిష్ సంస్థలతో కలిసి కార్బొరండమ్ యూనివర్సల్‌ను స్థాపించింది. సైకిళ్లు తయారుచేసే టీఐ సైకిల్స్‌ను 1949లో మొదలుపెట్టిందీ అదే కుటుంబం. స్టాండు వేసి నిలబెట్టిన సైకిలు మీద కూర్చుని పెడలు తొక్కుతూ, బెల్టుతో తిరిగే చిన్న చక్రం మీద కత్తి ఆనించే సాన సైకిలులో సైకిలు, కృత్రిమ సాన చక్రం రెండూ కలిశాయి.

సాన సైకిలుతో పని ఒక్క మనిషికి తగ్గింది. చక్రం ఒకే దిక్కున, వేగంగా తిరుగుతుంది. నిప్పురవ్వలు చూసి పిల్లలు గుమిగూడతారు. నష్టమూ ఉంది. నీళ్లు లేకుండా అంత వేగంతో రుద్దితే అంచు కాలి నీలి రంగు తిరుగుతుంది. ఉక్కు మీద నీలం కనబడిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయిందనీ, ఆ మేరకు గట్టిదనం తగ్గిందనీ అర్థం. పైగా ఒక్కోసారి అవసరానికి మించి లోహం పోతుంది. వంటింటి కత్తికి నీళ్ల రాతి మీద చేత్తో పెట్టే పదునే మేలు.

నారాయణపేట నేల కింద మరో విశేషం ఉంది. భూగర్భ సర్వే శాఖ ఇక్కడ కింబర్లైటు శిలల క్షేత్రాన్ని గుర్తించింది. కోటకొండ, మద్దూరు పరిసరాల్లోని ఆ శిలల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. వజ్రాన్ని లోతుల నుంచి పైకి తెచ్చే శిలల్లో ఇది ముఖ్యమైనది. తవ్వి తీయదగిన వజ్రాలు మాత్రం ఇక్కడ దొరకలేదు. సానకు కావలసిన వజ్రం వేరే దారిన వచ్చింది. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాల కృత్రిమ వజ్రాన్ని తయారుచేసింది. ఆ పొడిని ఉక్కు పలక మీద అతికించిన సాన పలకలు ఇవాళ పట్టణాల దుకాణాల్లో సులభంగా దొరుకుతున్నాయి.

ప్రపంచంలో సాన రాళ్లను సేకరించి వాడడం పెద్ద అభిరుచిగా ఎదిగింది. జపాన్‌లో క్యోటో కొండల సహజ రాళ్లు, బెల్జియం ఆర్డెన్ కొండల పసుపు రాయి, అమెరికాలో ఆర్కాన్సా రాయి ఈ సేకరణల్లో ముందుంటాయి. వీటిలో క్యోటో గనులు చాలావరకు మూతపడ్డాయి కాబట్టి వాటి ధర పెరుగుతూ పోతోంది. కృత్రిమ రాళ్లకు రేణువును బట్టి అంకెలుంటాయి: 400 లోపు పగుళ్లు పడ్డ అంచుకు, 1000 మామూలు పదునుకు, 3000 పైన మెరుగుకు. వంటకత్తిని 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టి, ఒక పక్క అంచు పొడవునా సన్నటి రేకు లేచేదాకా నూరి, అప్పుడు రెండో పక్కకు మార్చి, ఆఖరున తోలు మీద ఆ రేకును రాల్చాలి. పల్లం పడ్డ రాయిని చదును బండ మీద ఇసుకా నీళ్లూ వేసి రుద్దితే మళ్లీ సమం అవుతుంది. మన దేశపు ఆయుధ నిబంధనలు అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులను ఆయుధాలుగా చూస్తాయి, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయిస్తాయి. కత్తులు కూడా సేకరించేవారు ఈ తేడా తెలుసుకోవాలి.

తెలుగు నేలపై సేకరణ అంటే ఇప్పటివరకు కత్తులదే. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరులో హైదరాబాద్‌లో తెరిచిన ప్రదర్శనశాలలో ఖడ్గాలకు, కటారులకు విడిగా గదే ఉంది. ఆ ఖడ్గాలకు అంచు ఇచ్చిన లక్క సానలకు అలాంటి గౌరవం దక్కలేదు. చూపుకు అందంగా లేవని వాటిని పక్కన పెట్టడం చరిత్రకు అన్యాయం. కత్తి ఎలా వాడారో కత్తి కంటే ఎక్కువగా సాన చెబుతుంది: ఏ వాలులో పట్టారు, ఎంత ఒత్తిడి పెట్టారు, ఎన్నేళ్లు వాడారు అనేవన్నీ దాని అరుగుదలలోనే ఉంటాయి.

అలాంటి వస్తువులు ఇంకా దొరుకుతాయి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో పాత ఇనుప సామానుతో పాటు మంగలి కత్తులు, ఆకురాళ్లు కనిపిస్తాయి. నారాయణపేట బంగారు వ్యాపారానికి పేరుపడ్డ పట్టణం కాబట్టి ఇక్కడ చిన్న నల్లరాయి కనబడగానే సానరాయి అనుకోకూడదు, అది కంసాలి గీటురాయి కావచ్చు. గీటురాయి మీద పల్లం ఉండదు, బంగారు గీతల జాడ ఉంటుంది. సానరాయి నడుమ లోపలికి దిగి ఉంటుంది. లక్క సానను వేడికి, ఎండకు దూరంగా ఉంచాలి. బండల మీది నూరుడు గాళ్లను చెక్కి తీసుకురావడం సేకరణ కాదు, విధ్వంసం; వాటిని ఉన్నచోటనే ఫొటో తీసి, కొలిచి, ఊరి పేరుతో రాసిపెట్టాలి.

నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిలో పురావస్తు ప్రదర్శనశాల ముందు నుంచే ఉంది. కమ్మరి కొలిమిలో, మంగలి అడపంలో, గీతకార్మికుడి ఇంట్లో మూలన పడి ఉన్న సానలను ఎవరు వాడారో, ఏ పనికి వాడారో, రాయి ఎక్కడిదో ఒక చీటీ మీద రాసి అలాంటి చోటికి చేర్చడానికి ఇదే సమయం. వాటిని వాడిన పెద్దవాళ్లు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారిని అడిగి రాసుకునే పనిని జిల్లాలోని ఉపాధ్యాయులు, విద్యార్థులు చేపట్టాలి.